గోడ కూలే ముందు చప్పుడు

స్టూడియోలో ఆమెను అందరూ చప్పుళ్ళమ్మ అంటారు. సినిమాలో కథానాయకుడు మెట్లెక్కుతుంటే మీకు వినబడే అడుగులు అతనివి కావు, ఈమెవి. విలన్ చెయ్యి ఫట్మని విరిగితే అది ఎముక కాదు, ఈమె చేతిలోని కారెట్టు. ప్రేమికులు వానలో తడుస్తూ కౌగిలించుకున్నప్పుడు వినబడే తడిబట్టల చప్పుడు ఈమె రెండు పాత తువ్వాళ్ళను బకెట్లో ముంచి పిండుతుంటే వచ్చింది. ఈ సంగతి తెలిశాక తనకు ప్రేమ సినిమాల మీద మనసు విరిగిపోయిందని ఆమె భర్త అంటుంటాడు. ఆయన మాటల్ని మనం అంతగా పట్టించుకోనక్కర్లేదు. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆమె పనిచేసే గదికి కిటికీలు లేవు. నేలను గళ్ళుగా విడగొట్టి ఒక గడిలో ఇసుక, ఒక గడిలో కంకర, ఒకదాంట్లో చెక్క, ఇంకోదాంట్లో గచ్చు, మూలన ఇనపరేకు పరిచారు. గోడ పొడవునా పాత చెప్పులూ బూట్లూ. మధ్యలో ఏ గదికీ చెందని తలుపులు రెండు, ఎటూ తీసుకుపోకుండా నిలబడి ఉంటాయి. ఎదురుగా తెర, పక్కన మైకు. తెర మీద మనిషి కాలు కదిపిన క్షణంలోనే ఈమె కాలూ కదలాలి. రెప్పపాటు ఆలస్యమైనా అది చప్పుడు కాదు, అబద్ధం. ఆ పనిలో ఆమెను మించినవాళ్ళు లేరని పేరు.

ఇంత చప్పుడు చెయ్యగల మనిషి ఇంట్లో మాత్రం నోరు మూసుకుని పడి ఉండాల్సి వచ్చింది. దానికి కారణం ఆమె మరిది.

మరిది సినిమా డైరెక్టరు. అంతకుముందు చాలా ఏళ్ళు సెట్లు వేసే దగ్గర పనిచేశాడు. సెట్టులో గోడ అంటే ప్లైవుడ్డు, పైన రంగు. కెమెరాకు అడ్డమొస్తే ఇద్దరు మనుషులు వచ్చి ఆ గోడను ఎత్తి పక్కన పెడతారు, షాటు అయ్యాక మళ్ళీ తెచ్చి నిలబెడతారు. అలాంటి గోడల మధ్య బతికి బతికి ఆయనకు గోడలంటే బొత్తిగా గౌరవం లేకుండా పోయింది. లోకంలో ఏ గోడైనా ఊరికే నిలబడి ఉంటుందనీ, దేన్నీ మొయ్యదనీ గట్టి నమ్మకం కుదిరిపోయింది.

ఆ రోజుల నుంచి మిగిలిన ఇంకో గుర్తు, ఆయన జేబులో ఎప్పుడూ ఉండే ఉక్కు టేపు. కొలతలు తీసుకునేది. మాట్లాడుతున్నా, ఆలోచిస్తున్నా, ఎదుటివాడి మాట వింటున్నట్టు నటిస్తున్నా, ఆయన చెయ్యి దాన్ని బయటికి తీస్తుంది, మూరెడు లాగుతుంది, వదిలేస్తుంది. సర్ర్... టక్. అన్నం తింటూ సర్ర్ టక్. ఫోన్లో ఎవరినో ఓదారుస్తూ సర్ర్ టక్. ఆయన భార్య, అంటే చప్పుళ్ళమ్మ తోటికోడలు, పెళ్ళయిన కొత్తలో దాని మీద పోట్లాడి పోట్లాడి చివరికి ఒక దణ్ణం పెట్టి ఊరుకుంది. ఎందుకలా చేస్తారని అడిగితే ఆయన తెల్లబోయి, నేనేం చేశాను అంటాడు. అది నటన కాదు. ఆ చప్పుడు నిజంగానే ఆయనకు వినబడదు. అంత అలవాటైపోయింది. కన్నతల్లికీ వినబడదు. కొడుకు చేసే చప్పుళ్ళు తల్లి చెవిదాకా రావు. కోడలి చేతిలోంచి చెంచా జారితే మాత్రం వీధి చివరనున్నా వినబడుతుంది.

ఇక గోడ సంగతి. అత్తగారి గదికీ వంటింటికీ మధ్య ఉండేది. ఆ ఇల్లు మామగారు దగ్గరుండి కట్టించుకున్నది. ఆయన పోయి చాలా కాలమైంది. కప్పు చెమ్మ పట్టింది, గచ్చు పెచ్చులూడింది, నీళ్ళ గొట్టాలు తుప్పు పట్టిపోయాయి. బాగు చేయిద్దామని ఇంటిల్లిపాదీ కూర్చుని అనుకున్నారు. మేస్త్రి వచ్చాడు, పని మొదలుపెట్టాడు. అంతా సవ్యంగా జరిగిపోయేదే. కానీ మేస్త్రి రాని ఒక మధ్యాహ్నం మరిది వచ్చాడు.

వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, వంటిల్లు మరీ ఇరుకన్నాడు. ఈ గోడ తీసేస్తే ఎంత విశాలంగా ఉంటుందో ఊహించుకోమన్నాడు. గది అత్తయ్యది కాబట్టి ఆవిడకు చెప్పాలనీ, రేపు మేస్త్రి వచ్చాక అడుగుదామనీ చప్పుళ్ళమ్మ అంది. ఆయన విన్నట్టే తలూపి, టేపు తీసి గోడ పొడవునా లాగి వదిలాడు. వేలికణుపులతో రెండుసార్లు గోడ మీద కొట్టాడు.

"ఇది ఉత్త గోడ వదినా. ఏమీ మొయ్యట్లేదు."

వద్దు అని ఆమె అంటూనే ఉంది. మేస్త్రి మూలన పెట్టిపోయిన పెద్ద సుత్తి ఆయన చేతిలోకి వచ్చింది. ఒక దెబ్బ వేశాడు, ఇంకో దెబ్బ వేశాడు. ఆ తర్వాతి దెబ్బకు కప్పు ఒక్కసారి మూలిగింది. మరిదికి ప్రాణమంటే మహా తీపి. "కాస్త పట్టుకో వదినా" అని సుత్తిని ఆమె చేతుల్లో పెట్టి ఒక్క గెంతులో వాకిట్లో పడ్డాడు. ఎవరైనా ఏదైనా చేతికిస్తే పట్టుకోవడం మనకందరికీ అలవాటే కదా. ఆమె పట్టుకుంది. గోడ కూలింది. దాంతోపాటు అత్తగారి గది కప్పు సగం దిగి మామగారి పాత మంచం మీద పడింది. మంచం తునాతునకలైంది.

అత్తగారు అదృష్టం కొద్దీ ముందు గదిలో నిద్రపోతోంది. ఉలిక్కిపడి లేచి గోడలు తడుముకుంటూ వచ్చింది. ఆవిడకు చూపు మసక. ఆ మసక చూపుకు, ఆ దుమ్ములో, ఆనినదల్లా ఒక్కటే: సుత్తి పట్టుకుని నిలబడ్డ కోడలు.

"వద్దన్నా వినలేదమ్మా వదిన," అన్నాడు మరిది వాకిట్లోంచి.

ఆ ఒక్క ముక్క చాలింది. చప్పుళ్ళమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అత్తగారు ఆమె చేతుల వైపే చూసింది. మూటాముల్లె సర్దుకుని చిన్నకొడుకు ఇంటికి వెళ్ళిపోయింది. వెళుతూ గుమ్మంలో, ఇరుగుపొరుగు చూస్తుండగా ఒక మాట అంది. ఆయన కట్టిన ఇల్లు కోడలు కూల్చింది, అని. ఆ తర్వాత చుట్టాల ఇళ్ళల్లో, ఫోన్లలో, ఆసుపత్రి వరండాల్లో ఆ మాటే తిరిగింది. దానికి తోడు ఇంకోటి కూడా చెప్పేది ఆవిడ. నిద్రలో ఉండగా గోడ అవతల ఏదో బుసకొట్టిందట. ఆ వెంటనే ధన్ ధన్‌మని దెబ్బలు, గోడ పడిపోవడమూనట. ఇల్లే కోడల్ని చూసి బుసకొట్టి ఉంటుందని ఆవిడ తీర్పు.

ఆ బుస ఏమిటో చప్పుళ్ళమ్మకు తెలుసు. కానీ ఎవరు నమ్ముతారు? భర్త నమ్మాలి. ఆయనది కళ్ళద్దాల షాపు, ఊళ్ళో వాళ్ళందరి చూపూ సరిచేస్తాడు. ఇంటి విషయంలో మాత్రం గోడ మీద పిల్లి. ఇటు పెళ్ళాం చెబితే అవును అంటాడు, అటు తల్లి చెబితే అదీ నిజమే అంటాడు. గోడ కూలిపోయాక కూడా కిందికి దిగలేదు మహానుభావుడు.

కూలినచోట ఇనప జాకీలు పెట్టి కప్పును నిలబెట్టారు. వంట చేసేటప్పుడల్లా ఆమె ఆ జాకీల మధ్య నుంచి అటూ ఇటూ తిరగాలి. తిరిగినప్పుడల్లా కడుపు మండేది. ఆమెకు కావలసింది రెండే. అత్తగారు ఆ మాటను ఆ నోటితోనే వెనక్కి తీసుకోవాలి, పదిమందిలో అన్నది కాబట్టి పదిమందిలోనే. రెండోది మరిది గురించి. అది నోటితో చెప్పుకునేది కాదు గానీ, పళ్ళు నూరుకోవడానికి బాగానే పనికొచ్చేది.

అలా ఉండగా మరిది సినిమా తీశాడు. ఇల్లు బాగు చేయించబోయి కూల్చుకున్న ఒక కుటుంబం కథ, కడుపుబ్బ నవ్వించే కథ అని చెప్పుకున్నారు. పేరు 'వదినగారి సుత్తి'. షూటింగులో పట్టిన శబ్దమంతా పాడైపోయిందనీ, మొదటి నుంచి చివరి దాకా అన్ని చప్పుళ్ళూ మళ్ళీ చెయ్యాలనీ, ఆ పని నువ్వే చెయ్యాలి వదినా అనీ ఆయనే స్వయంగా ఇంటికొచ్చి అడిగాడు. జాకీల మధ్య కుర్చీ వేసుకుని టీ తాగుతూ అడిగాడు. కప్పు వైపు ఒక్కసారి కూడా తలెత్తలేదు. మనిషికి సిగ్గు లేకపోవడం కూడా ఒక వరమే.

ఆమె ఒప్పుకుంది. కథ పూర్తిగా తెలిసి కాదు. స్టూడియోలో మొదటి రీలు వేశాక తెలిసింది.

తెర మీద వదిన వచ్చింది. లావుపాటి నటి, ఎప్పుడూ అరుస్తూ ఉంటుంది. పొద్దున ఒక రంగు వేయించి మధ్యాహ్నం చెరిపేయిస్తుంది. స్నానాల గది తలుపు తిరగేసి పెట్టిస్తుంది. గొట్టాలు మార్చమని అందరి ప్రాణాలూ తోడుతుంది. పాపం, ఒక తెలివైన మరిది ఉంటాడు. అన్నిటికీ వద్దు వదినా, వద్దు వదినా అంటూ ఉంటాడు. చివరికి ఆ మహాతల్లి గోడ ముందు నిలబడి, ఇది ఉత్త గోడ, ఏమీ మొయ్యట్లేదు అని సుత్తి ఎత్తుతుంది.

చప్పుళ్ళమ్మ చేతిలోని కంకర సంచి జారి కింద పడింది. జరిగినదాన్ని తారుమారు చేశాడంటే సరే. కానీ తన నోట్లోంచి వచ్చిన మాటను, ఒక్క అక్షరం మార్చకుండా, తీసుకొచ్చి ఈమె నోట్లో పెట్టాడు. రేపు చుట్టాలందరూ చూస్తారు. ఊరంతా చూస్తుంది. అత్తగారి మాటకు ఇక తిరుగుండదు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ పని చెయ్యను, పొమ్మని చెప్పి వెళ్ళిపోదామని బూట్లు విప్పేసింది.

అప్పుడు, షూటింగులో రికార్డింగూ ఇక్కడ మిక్సింగూ చేసే పెద్దాయన అద్దం అవతల నుంచి ఆగమన్నాడు. అడుగులు ఎక్కడ పడాలో తెలియడానికి షూటింగులో పట్టిన పాత శబ్దం ఒకసారి వినిపిస్తానన్నాడు. వినిపించాడు. నటి అరుస్తోంది, తలుపు మూసుకుంటోంది, వాటన్నిటి మీదా, ప్రతి షాటులోనూ, సర్ర్... టక్.

శబ్దం పాడైంది దేనివల్లో ఆమెకు అప్పుడు అర్థమైంది. కెమెరా తిరుగుతున్నంతసేపూ డైరెక్టరు గారు టేపు ఆడిస్తూనే ఉన్నారు. ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేక, పక్కవీధి జనరేటరు మీద తోసేశారు. జనరేటరు ఉండగా ఎందుకు రికార్డు చేశారని ఆయన పెద్దాయన్నే అందరి ముందూ చెడామడా తిట్టాడట. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దాయన దవడలు బిగుసుకున్నాయి.

చప్పుళ్ళమ్మ మళ్ళీ బూట్లు వేసుకుంది. ఆ పారేసిన శబ్దాలన్నీ తనకు ఇమ్మంది.

ఆ తర్వాత ఆమె పని చూసినవాళ్ళు ఇంత శ్రద్ధ ఎప్పుడూ చూడలేదన్నారు. వదిన నడిస్తే నేల అదిరేలా అడుగులు వేసింది. గొట్టం పగిలే సీనుకు పాత రబ్బరు పైపు నిండా నీళ్ళు పట్టి చీల్చింది. పెచ్చులూడటానికి ఎండిన రొట్టె నలిపింది. నిచ్చెన విరగడానికి పళ్ళబుట్టలు తొక్కింది. అన్నీ అద్భుతంగా వచ్చాయి. ప్రతి విధ్వంసానికీ సరిగ్గా ముందు, నిశ్శబ్దంగా ఉన్న చోట, మరిది టేపు చప్పుడు ఒకటి పెట్టింది. తాను చేసింది కాదు, ఆయన స్వహస్తాలతో చేసిందే. గొట్టం పగలబోయే ముందు సర్ర్ టక్. తలుపు ఊడబోయే ముందు సర్ర్ టక్. ఆయన సొమ్ము ఆయనకే అప్పగిస్తున్నట్టు, ఒక్కొక్కటే, ఎక్కడ పెడితే బాగా తగులుతుందో చూసుకుని పెట్టింది.

పెద్దాయన రెండోదాని దగ్గరే ఆగాడు. తెర మీద టేపేమీ లేదు కదమ్మా అన్నాడు. లేదంది. డైరెక్టరు వద్దంటే అన్నీ తీసేస్తానని మాటిచ్చింది. పెద్దాయన కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. చెయ్యి చాచి, ఆ చప్పుడును ఇంకాస్త పెద్దది చేశాడు.

గోడ సీను మాత్రం ఆమె వేరేగా చేసింది. ఆ చోట మరిది పాత చప్పుడు వాడలేదు. బజారులో అలాంటి టేపే కొనుక్కొచ్చింది. ఆ రోజు అత్తగారు పడుకున్నది ముందు గదిలో, తలుపు ఓరగా వేసి ఉంది. కాబట్టి మైకును గదిలోని తలుపు వెనక పెట్టింది, తలుపు మీద దుప్పటి కప్పింది, ఇవతల నుంచి గోడ పొడవునా టేపు లాగి వదిలింది. అవతలికి సర్ర్ ఒక్కటే మెత్తగా, బుసలాగా చేరింది. టక్ దాదాపు వినబడలేదు. ఎన్నిసార్లు చేసిందో ఆమెకే తెలియదు. ఆ ఒక్క చప్పుడు ఒక్క మనిషి కోసం చేసింది.

అంతా అయ్యాక డైరెక్టరు వినడానికి వచ్చాడు. వెనక సోఫాలో కూర్చున్నాడు. బొమ్మ మొదలైంది. తెర మీద గొట్టం పగలబోయే ముందు సర్ర్ టక్. సోఫాలోంచి కూడా సర్ర్ టక్. తలుపు దగ్గర తెర మీద ఒకటి, సోఫాలో ఒకటి. పెద్దాయన నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకుని బయటికి పోయాడు. చప్పుళ్ళమ్మ వెనక సోఫా వైపే చెవి పెట్టి కూర్చుంది. వద్దంటే తీసెయ్యాలి, మాటిచ్చింది.

సినిమా అయిపోయింది. మరిది కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"అద్భుతం వదినా. ఒక్కటే మార్పు. వదిన అడుగులు ఇంకాస్త బరువుగా ఉండాలి."

తప్పకుండా, అందామె. ఆ పూటే ఇంకా పెద్ద బూట్లు తొడుక్కుని మళ్ళీ నడిచింది. జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ నడవలేదు.

విడుదలకు ముందు ఒక ఉదయం పెద్ద హాలులో ఆట వేశారు. సినిమా వాళ్ళు, పత్రికల వాళ్ళు, మరిది ప్రత్యేకంగా పిలిపించిన చుట్టాలు. వీళ్ళు రెండు వరసలు నిండారు. వదిన మొహం ఎలా మాడుతుందో చూడాలని కొందరు సినిమా కంటే ముందు ఆమె వైపే తిరిగి కూర్చున్నారు. తోటికోడలు నటీనటుల మధ్య చోటు సంపాదించుకుంది కాబట్టి, ముందు వరసలో అత్తగారి పక్కన చప్పుళ్ళమ్మే కూర్చోవలసి వచ్చింది. అటుపక్క భర్త. పక్కనున్నది పెద్ద కోడలని అత్తగారికి తెలుసు, చీర సర్దుకుని ఎడంగా జరిగింది. ఇద్దరికీ మాటల్లేక చాలా కాలమైంది.

దీపాలారిపోయాయి. మసక చూపుకు తెర మీద రంగులు కదలడం తప్ప ఏమీ ఆనదు. అత్తగారు ఎప్పుడూ సినిమాలను చెవులతోనే చూస్తుంది.

మొదటి సర్ర్ టక్ ఎవరూ పట్టించుకోలేదు. గొట్టం పగిలింది, నవ్వారు. రెండోదానికి ఒకరిద్దరు తలెత్తారు. తలుపు ఊడింది. మూడోసారి సర్ర్ అనగానే, ఇంకా ఏమీ జరక్కముందే, అక్కడక్కడా కిసుక్కుమన్నారు. నిచ్చెన విరిగింది. నాలుగోసారికి హాలంతా పట్టేసింది. టేపు చప్పుడు వస్తే చాలు, జనం కుర్చీల్లో ముందుకు జరిగి కాచుకుని కూర్చున్నారు. కనబడని ఎవడో ఆ ఇంట్లో తిరుగుతూ అన్నీ నాశనం చేస్తున్నాడని వాళ్ళకు అర్థమైపోయింది. లావుపాటి వదిన ఎంత అరిచినా ఆమె మీద ఎవరికీ కోపం రాలేదు. వెనక వరసలో ఒకడు సర్ర్ వినగానే "వచ్చాడ్రోయ్" అని కేకేశాడు. దాంతో హాలు దద్దరిల్లింది.

మరిది ఒక పక్కన నిలబడి ఆ నవ్వులకు పొంగిపోతున్నాడు. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు తెలియదు. ఆయన వేలు మాత్రం జేబులో ఆడుతూనే ఉంది.

చివరికి గోడ సీను వచ్చింది. వదిన సుత్తి ఎత్తింది. హాలంతా ఆ చప్పుడు కోసం నిశ్శబ్దమైపోయింది. అప్పుడు, ఎక్కడో పక్కగదిలోంచి, ఓరవాకిలి సందులోంచి వచ్చినట్టు, మెత్తగా ఒక బుస వినబడింది. చాలామందికి సరిగా వినబడనే లేదు. అత్తగారు మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆవిడ చెయ్యి చీకట్లో తడుముకుంటూ వచ్చి కోడలి మణికట్టు పట్టుకుంది.

"ఏమిటే అది?"

"మీరు విన్నదే అత్తయ్యా."

అత్తగారు పట్టిన చెయ్యి వదల్లేదు. గోడ కూలింది, కథ ముగిసింది, దీపాలు వెలిగాయి.

డైరెక్టరు వేదిక మీదికి ఎక్కాడు. చప్పట్లు. ఒక చేత్తో మైకు పట్టుకున్నాడు. రెండో చెయ్యి, దాని దోవన అది, జేబులోకి పోయింది. ఈ కథ మా ఇంట్లో నిజంగా జరిగిందేనని చెప్పాడు. ఆ వదిన ఎవరో కాదు, ఇదుగో ఇక్కడే ఉందని ముందు వరస వైపు చూశాడు. చుట్టాలంతా మెడలు తిప్పారు. చప్పుళ్ళమ్మ ఆ చెయ్యి వైపే చూస్తోంది, తెర మీద మనిషి కాలు కదలడం కోసం చూసినట్టు.

సర్ర్... టక్.

మైకులోంచి వచ్చింది. హాలు ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత వెనక నుంచి అదే గొంతు "వచ్చాడ్రోయ్" అంది. ఇక చూడండి. పత్రికల వాళ్ళు పడీ పడీ నవ్వారు. నిర్మాత పొట్ట పట్టుకుని కుర్చీలోంచి జారిపోయాడు. తోటికోడలు రెండు చేతుల్లో మొహం దాచుకుంది. చుట్టాల మెడలు గిరుక్కున వదిన మీద నుంచి మరిది మీదికి తిరిగాయి. తన హాస్యానికే ఇంత నవ్వు అనుకుని ఆయన వినయంగా వంగాడు. వంగుతూ మళ్ళీ ఆడించాడు. నవ్వు రెట్టింపైంది.

ఆనాటి బుస ఈ టేపుదేనని పోల్చుకుని అత్తగారు లేచింది. కోడలి భుజం ఆసరా చేసుకుని వేదిక అంచుదాకా నడిచింది. ముసలావిడ వస్తోందని హాలు కాస్త సద్దుమణిగింది. కొడుకు ప్రేమగా కిందికి వంగి మైకు తల్లి మొహం దగ్గర పెట్టాడు.

"ఒరేయ్, ఆ రోజు ఆ గోడ కొలిచిందెవరు?"

కొడుకు మొహంలో నవ్వు అలాగే ఉండి రక్తం మాత్రం దిగిపోయింది. అదిప్పుడెందుకమ్మా అన్నాడు. నీళ్ళు నమిలాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఆ నిశ్శబ్దంలో ఆయన కంగారు చూడలేక ఆయన చెయ్యే జవాబు చెప్పింది.

సర్ర్... టక్.

ఈసారి అది ఆయనకు కూడా వినబడింది. జేబులో పాము దూరినవాడిలా తన చేతినే తాను చూసుకున్నాడు. అత్తగారు మైకు లాక్కుంది.

"విన్నారుగా అందరూ. ఆయన కట్టిన ఇల్లు కూల్చింది నా కోడలు కాదు. ఇదుగో, నేను కన్న వీడు."

చుట్టాల వరసల్లో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మిగతా హాలంతా అది కూడా సినిమా ప్రచారంలో భాగమే అనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చప్పుళ్ళమ్మకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని ఒక్క క్షణం తనలో వెతుక్కుంది, దొరకలేదు. ఆ చప్పట్ల మధ్య తల వెనక్కి వాల్చి, గోడ కూలిన నాటి నుంచి దాచిపెట్టుకున్న నవ్వంతా పగలబడి నవ్వింది.

బయట మరిది నిర్మాత వెంటపడుతూ కనిపించాడు. ఆ చప్పుళ్ళు సినిమాలోంచి తీయించెయ్యాలని బతిమాలుతున్నాడు. అవి తీసేస్తే నీ సినిమాలో ఇంకేముందయ్యా అని నిర్మాత కారెక్కి పోయాడు.

అత్తగారు చిన్నకొడుకు కారు వైపు చూడను కూడా చూడలేదు. పెద్దకొడుకు కారులో వెనక సీట్లో, కోడలి పక్కన కూర్చుంది.

"నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది," అంది అత్తగారు, కిటికీ వైపు తిరిగి.

"ఇప్పుడు విన్నారుగా," అంది చప్పుళ్ళమ్మ. క్షమించానని అనలేదు. అంత తొందరేమీ లేదు. కాసేపాగి ఫోను తీసింది. "వాడి చప్పుళ్ళన్నీ ఒక్కచోట చేర్చి పెట్టుకున్నాను అత్తయ్యా. ఇంకోసారి వింటారా?"

"వినిపించు."

కారులో సర్ర్ టక్, సర్ర్ టక్ అని మొదలైంది. ఒక కూడలి దాటారు, ఇంకో కూడలి దాటారు. పెదవులు బిగించి వింటున్న అత్తగారి భుజాలు మెల్లిగా కదలడం మొదలుపెట్టాయి. కోడలు ఓరకంట చూసింది. ముసలావిడ నవ్వుతోంది.

స్టీరింగు ముందు నుంచి భర్త గొంతు సవరించుకుని, ఎంతైనా తమ్ముడు, ఇక చాలేమో అన్నాడు.

"నువ్వు రోడ్డు చూసి నడుపు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆయన రోడ్డు చూసి నడిపాడు. వెనక అత్తగారు, ఇంకాస్త పెద్దగా పెట్టమంది.